వెనక్కి నడవని దొరసాని

నెల్లూరు సముద్రం ఒడ్డున సవకలపాళెం. సాయంత్రం. తడిక బయట మొగపాళెం మునెయ్య, ఆయన పక్కన వీపున పెద్ద సంచితో ఒక విదేశీ అమ్మాయి. తడిక లోపల వల కుట్టుకుంటూ ఆయన వియ్యంకుడు చెంచయ్య. గుమ్మంలో గంగాభవాని. మునెయ్యకు కూతురు, చెంచయ్యకు కోడలు.

“అందుకని, మీ మావతో చెప్పు గంగా, నేను ఆయనింటికి రాలేదని.”

“తడిక పట్టుకోని నిలబడి, రాలేదంటావేంది నాయనా?”

“తడిక బయట నిలబడితే వచ్చినట్టు గాదు మ్మా. ఇది పంచాయితీ రోడ్డు. దీని మీద ఎవురైనా నిలబడొచ్చు. మేక నిలబడొచ్చు. నేను గూడా నిలబడొచ్చు.”

“అమ్మాయ్, మీ నాయనతో చెప్పు. రోడ్డు పంచాయితీదే. తడిక మాత్రం నాది. చెయ్యి తియ్యమను.”

“నాయనా, చెయ్యి తియ్యమంటా ఉండాడు మావ.”

“వినబడింది లే మ్మా. తీసినా. పట్టుకోకపోతే పడిపొయ్యేట్టుంది గదా అని పట్టుకున్నా. మీ మావ మేలు కోరి.”

“నా తడిక రెండు తుపాన్లకి పళ్ళా. ఈయన మేలు కోరితే పడుద్ది. అమ్మాయ్, చెప్పు.”

“మీ ఇద్దరి మధ్య మూరెడు దూరం లేదు. మధ్యలో నేనెందుకు? పొయ్యి మీద పులుసు పెట్టొచ్చినా. మాట్లాడుకుంటే మాట్లాడుకోండి, లేదంటే ఇద్దరూ గమ్మునుండండి.”

“ఉండు మ్మా, ఉండు. వచ్చిన పని చెప్పేసి పోతా. ఈ పిల్ల ఉండాది చూడు, ఈ దొరసాని. పేరు మార్తా. పోర్చుగల్లంట దేశం. అది యాడుందో మీ అమ్మకి ఫోన్లో చూపించింది. సముద్రం పక్కనే. వాళ్ళు గూడా మనమాదిరే చేపలు తింటారంట. కాకపోతే పులుసు పెట్టరంట. కాల్చుకోని తింటారంట. మీ అమ్మ చానా బాధపడింది పాపం, ఇంత దూరం వచ్చిన పిల్ల ఇన్నేళ్ళూ కాల్చిన చేపలు తిని ఎట్టా బతికిందో అని...”

“నాయనా, పులుసు.”

“వస్తా ఉండా. తొందరపెడితే నాకు మాట ముందుకి రాదు.”

“అమ్మాయ్, మీ నాయనకి మాట ఎప్పుడు ముందుకొచ్చింది? రెండేళ్ళ కింద నా కొత్త బోటు సముద్రంలోకి దించిన రోజు ఒక్క మాట చెప్పేదానికి అంత సేపు తీసుకున్నాడు. ‘బావా... నీ బోటు... ముక్కు...’ అని మొదలుబెట్టి ఆగినాడు. ఏమంటాడోనని ఊరంతా చుట్టూ చేరింది. కొబ్బరికాయ కొట్టేవాడు గూడా కొట్టకుండా ఆగినాడు. అంతా చేరినాక అన్నాడు, వంకర అని.”

“వంకరుంటే వంకరనే అంటారు.”

“నాతో చెప్పొద్దను. నీతో చెప్పమను.”

“గంగా, వంకరుంటే వంకరనే అంటారని చెప్పు.”

“రెండేళ్ళు! ఒక బోటు ముక్కు కోసం! నా కూతురు పుట్టి ఏడాది కావస్తా ఉండాది. దాని ముక్కెట్టుందో తాత చూళ్ళా ఇంతవరకూ.”

“ఫోటో పంపియ్యమంటే నువ్వు పంపియ్యలా.”

“పంపియ్యను. ఫోన్లో నా బిడ్డ గురించి ఒక్క ముక్క చెప్పనని అమ్మకి ఎప్పుడో చెప్పేసినా. బోర్లా పడిందా, పళ్ళొచ్చినాయా, ఏదీ చెప్పను. చూడాలంటే గడప దాటొచ్చి చూడాల. ఇప్పుడు లోపల నిద్రపోతా ఉండాది. రా, చూపిస్తా.”

“ఆ గడప తొక్కనని ఊరి ముందర అనేసినా గదమ్మా.”

“వంకర మాట వెనక్కి తీసుకుంటేగానీ తొక్కొద్దని నేను గూడా ఊరి ముందర అనేసినా. అమ్మాయ్, చెప్పు.”

“ఇద్దరికీ చెప్తా ఉండా. పులుసు అడుగంటితే ఆ మాడిందే ఇద్దరికీ పోస్తా. నేను పోతా ఉండా.”

“పోయింది.”

“పోయింది.”

“ఇప్పుడెవురితో చెప్పేది?”

“నాకేం తెలుసు? నీ పక్కన నిలబడుండే ఆ మేకతో చెప్పు.”

“మేకా, ఈయనతో చెప్పవే. ఈ పిల్ల కడలంబడి ఊరూరూ నడుచుకుంటా పోతా ఉండాది. బస్సెక్కదు, ఆటో ఎక్కదు, కాలవొస్తే పడవ గూడా ఎక్కదు. వాళ్ళ దేశంలో ఇట్టా దినాల తరబడి నడిచి పోతారంట. మొక్కుబడి గూడా ఏం లేదు, ఊరికే నడుస్తారంట.”

“మేకా, అడగవే. యాడికి పోతా ఉండాదంట?”

“మద్రాసుకని చెప్పు మేకా.”

“మద్రాసుకా?”

“మద్రాసుకే.”

“దక్షిణానికా?”

“మద్రాసు దక్షిణానికి గాక ఉత్తరానికుంటదా బావా?”

“ఏమన్నావు?”

“ఏమన్నా? ఏమనలా.”

“బావా అన్నావు.”

“మేకననా.”

“మేకని బావా అన్నావా?”

“నోరు జారింది. రెండేళ్ళు ఆపుకున్నా గదా, జారింది. సరే బావా, నీతోనే చెప్తా ఉండా. మేక పోయింది గూడా.”

“చెప్పు మునెయ్యా. పొద్దుగూకే లోపల చెప్పు.”

“మనకొక పద్ధతుంది గదా. కడలంబడి దారిన పొయ్యే మనిషి మనింట్లో అన్నం తింటే, అవతల ఊర్లో మన మనిషెవురో చూసి వాళ్ళింటికి చేర్చి రావాల. వొంటిగా పంపిస్తే మనకే మాటొస్తుంది. మీ నాయనా అంతే, మా నాయనా అంతే. ఈ పిల్ల మా ఇంట్లో అన్నం తినింది. దక్షిణానికి పోవాల. సవకలపాళెంలో నాకు ఇంకెవురున్నారు, నువ్వు తప్ప? అందుకని తెచ్చినా. నిన్ను చూడాలని గాదు.”

“నన్ను చూడాలని వచ్చినావని నేను గూడా అనుకోలా.”

“మంచిది.”

“మంచిది. మద్రాసుకన్నావు.”

“మద్రాసుకే. ఏం బావా, మళ్ళీ మళ్ళీ అడగతా ఉండావు?”

“ఏం లేదు బ్బా. ఎండల్లో మద్రాసు దాకా నడవాలంటే కష్టం గదా అని.”

“మీ కుక్క చూడు బావా. నన్ను చూసి ఊరు లేపింది. ఈ పిల్లని చూసి తోకాడిస్తా ఉండాది.”

“కుక్కలకి మంచోళ్ళెవురో తెలుస్తుంది.”

“కాళ్ళు నాకతా ఉండాది గదా. ఎన్నాళ్ళనుంచో ఎరిగినట్టు.”

“ఉప్పు. సముద్రం ఒడ్డున నడిచొచ్చింది గదా, కాళ్ళకి ఉప్పు పట్టింటుంది. కుక్కలకి ఉప్పంటే ఇష్టం.”

“నేనూ ఆ ఒడ్డునే నడిచొచ్చినా. నా కాళ్ళకి ఉప్పు లేదా?”

“తాతా. నువ్వు ఆటో.”

“దొరసాని ఏమంటా ఉండాది మునెయ్యా?”

“ఏం లేదు. దానికి నాలుగు మాటలొచ్చు. నడక, చాలు, వద్దు, ఆటో. అవే తిప్పి తిప్పి అంటాది.”

“నేను నడక. తాత ఆటో.”

“బాగా వచ్చే తెలుగు! యాడెక్కినావు ఆటో?”

“నేను ఎక్కలా బావా. నా మోకాళ్ళు ఎక్కినాయి. రొయ్యల గుంటల కాడ కట్ట మీద నడవతా ఉంటే ఎడమ మోకాలు నన్ను తిట్టింది. సరిగ్గా అప్పుడే రొయ్యల మేతేసుకోని ఆటో వచ్చింది. మేత మూటల మీద కూసున్నా. రెండూళ్ళు దాటినాక దిగి, పిల్ల వచ్చిందాకా చింతచెట్టు కింద పడుకున్నా. అంతే. ముందు, వెనక, అంతా నడకే.”

“మధ్యలో తప్ప.”

“మధ్యలో తప్ప. అయినా దాంతో నడవడం మాటలా? ఊరూరికీ ఆగాల. ఆగితే తినాల. చాలు అని నేర్చుకుంది గానీ, ఆ మాట చెప్తే ఈ పక్క ఎవురన్నా వింటారా? చాలు అంటే ఇంకో గరిట పోస్తారు. నిన్న కాలవ అవతల రెబెక్కమ్మ ఇంట్లో పడుకున్నాం గదా. ఎండుచేపలమ్మే రెబెక్కమ్మ. చాలు అనేకొద్దీ పెట్టింది.”

“రెబెక్కమ్మ ఇంట్లోనా?”

“ఆఁ.”

“రెబెక్కమ్మ నీకేమన్నా చెప్పిందా?”

“ఏం చెప్పాల బావా?”

“ఏం లేదు. ఊరికే. ఆమె మాటకారి గదా, ఏమన్నా చెప్పిందేమోనని.”

“చేపల రేటు చెప్పింది. తెల్లారి కాలవ కాడికొస్తే పడవుంది. ఎక్కు తల్లా అన్నా. వద్దు, నడక అనింది. పోటు తగ్గిందాకా ఇసకలో కూసోని, నడుముల్లోతు నీళ్ళలో దాటినాం. దాని సంచి నా నెత్తిన, నా చెప్పులు దాని చేతిలో. పడవోడు పక్కనే పడవేసుకోని వచ్చినాడు, మమ్మల్ని చూసి నవ్వుకుంటా. ఇంకో పట్టింపు గూడా ఉండాది బావా దీనికి. వచ్చిన దారిన వెనక్కి ఒక్క అడుగు ఎయ్యదంట. ముందుకే. ఏదన్నా మర్చిపోయినా సరే, పోయింది పోయిందే. గాలికి టోపీ ఎగిరి వెనక్కి పోతే గూడా పోలేదంట. ఎవురో పిల్లోళ్ళు పరిగెత్తి తెచ్చిచ్చినారంట.”

“ఆ ఎర్ర టోపీయేగా. సవకతోపు దాకా ఎగిరిపోయింది...”

“ఎర్రదని నీకెట్టా తెలుసు? సంచిలో ఉండాది గదా టోపీ.”

“దొరసానులు ఎర్ర టోపీలే పెడతారు మునెయ్యా. ఎవురికి తెల్దు?”

“అట్టనా. నాకు తెల్దు. చదువు లేనోణ్ణి గదా.”

“ఒక మాట చెప్పు. వెనక్కి అసలు నడవదా ఈ పిల్ల?”

“నడవదు.”

“ఒక్క అడుగు గూడా?”

“ఒక్క అడుగు గూడా. ఏం?”

“ఏం లేదు. వింతగా ఉండాది. చానా వింతగా ఉండాది.”

“నీళ్ళు. నేను.”

“అదిగో, ఇంటెనక్కి పోతా ఉండాది. బావా, నీ బోరింగు ఇంటెనక ఉందని దానికెవురు చెప్పినారు?”

“బోరింగులు ఇంటెనకే ఉంటాయి. వాళ్ళ దేశంలో గూడా అంతే అయ్యుంటుంది.”

“చెంబు గూడా దూలం సందులోనించి తీసుకునింది.”

“నీళ్ళు తాగే మనిషి చెంబు ఎతుక్కోదా? నువ్వు ప్రతిదానికీ అట్టా చూడబాకు. అటు చూడు. ఆ బోటు చూడు.”

“అదేనా?”

“అదే. రెండేళ్ళైంది. ఇప్పుడు చూసి చెప్పు. ముక్కు తిన్నగా లేదా?”

“తిన్నగా ఉందంటే లోపలికి రమ్మంటావా?”

“రమ్మంటా.”

“కాఫీ ఇప్పిస్తావా?”

“పులుసన్నం గూడా పెట్టిస్తా. మనవరాల్ని ఒళ్ళో పెట్టుకోని తిను. చెప్పు.”

“బావా...”

“ఊఁ.”

“ఆ బోటు...”

“ఊఁ.”

“ముక్కు...”

“చెప్పు బ్బా, నాకు ఊపిరి ఆగిపోతా ఉండాది!”

“వంకరే బావా.”

“పో. ఆ పంచాయితీ రోడ్డు మీదే పడుకో. మేకకి దుప్పటి అడుగు.”

“ఎట్టా చెప్పేది బావా? నా కళ్ళకి వంకరగా కనబడతా ఉండాది. లోపలికొచ్చి పిల్లని ఒళ్ళో పెట్టుకోవాలని నాకు మాత్రం లేదా? దానికోసం అబద్ధం చెప్పి వస్తే, ఆ బోటు ఎదురుగ్గా ఉంటాది ఎప్పుడూ. చూసినప్పుడల్లా నవ్వొస్తుంది నాకు. నువ్వు చూస్తావు. మళ్ళీ తగువే.”

“దొరసానిని అడుగుదాం. పరాయి దేశం మనిషి. ఆమెకి నువ్వూ చుట్టం గాదు, నేనూ చుట్టం గాదు. అమ్మా, ఇట్టరా. ఆ బోటు చూడు. ముక్కు. ముక్కమ్మా, ఇది, ఇది. తిన్నగా ఉండాదా లేదా?”

“చూస్తా ఉండాది.”

“చూడనీ.”

“తల పక్కకి వంచింది బావా.”

“వంచితే?”

“తిన్నగా ఉండేదాన్ని చూసేదానికి తలెందుకు వంచాల?”

“మెడ నొప్పి అయ్యుంటుంది. అంత సంచి మోస్తే నొయ్యదా?”

“గంగక్కా! కామాక్షి! కామాక్షి!”

“ఇదిగో వస్తా ఉండా మార్తా... అయ్యో, నేనేమీ... నాయనా, పాప లేచింది. అదీ సంగతి.”

“బావా.”

“ఊఁ.”

“దీనికి నా మనవరాలి పేరెట్టా తెలుసు?”

“అమ్మాయ్, కాఫీ అయ్యిందా?”

“నా కూతురు గూడా ‘మార్తా’ అని పిలిచింది చుట్టాన్ని పిలిచినట్టు.”

“అమ్మాయ్, కాఫీ!”

“కాఫీ యాడిది మావా, పాప నా చెయ్యి ఒదిలించుకోని వస్తా ఉంటే! పట్టుకోండి ఎవురన్నా, గడప దాటేస్తా ఉండాది!”

“పట్టుకోబాకండి. రానీండి దాన్ని. రా తల్లా, రా. ఇట్టా రా, నా దగ్గరికి.”

“మునెయ్యా, కూసో, కూసో. నిలబడితే భయపడుద్ది. తడిక నేను తీస్తా ఉండా.”

“కూసున్నా. రా మా అమ్మే. ఆ అడుగు ఇటెయ్యి. అయ్యో, పడింది.”

“లేపబాకు. అదే లేస్తుంది. పడిన ప్రతిసారీ అదే లేస్తుంది.”

“లేసింది. లేసింది బావా. వచ్చేసింది. వచ్చేసింది నా దగ్గరికి.”

“ఏడస్తా ఉండావా మునెయ్యా?”

“ఇసక పడింది కంట్లో.”

“నీ కంట్లోనే పడిందా?”

“నీ కంట్లో గూడా పడినట్టుందే. తుడుచుకో. వల తడిసిపోద్ది.”

“ముక్కు చూసినావా నాయనా?”

“చూసినా మ్మా. తిన్నగా ఉండాది. మా వైపు ముక్కు. గంగా, అందరూ ఒక మాట ఇనండి. నేను గడప తొక్కలా. ఇదే గడప తొక్కి నా కాడికొచ్చింది. రేపు ఎవురన్నా అడిగితే అట్టనే చెప్పండి.”

“ఇంక నావల్ల గాదు. నవ్వు ఆపుకోని ఆపుకోని కడుపు నొస్తా ఉండాది. మునెయ్యా, చెప్తా, ఇను. పిల్లని ఒళ్ళో గట్టిగా పట్టుకోని ఇను. ఈ దొరసాని మద్రాసుకి పోవడంలా.”

“మరి?”

“మద్రాసు పక్కనించే వస్తా ఉండాది! పులికాట్ దగ్గర మొదలుబెట్టి, ఉత్తరానికి, కావలి దాకా పోవాలంట. పోయిన వారం మా ఇంటికొచ్చింది. ఆ మంచం మీదే పడుకుంది. ఆ కుక్కతోనే ఆడుకుంది. ఆ టోపీ మా తోపులోకే ఎగిరింది. పొయ్యేటప్పుడు అవతల ఊర్లో ఎవురింటికి పంపాలా అని చూస్తే నీ పేరే తోచింది. నేనే కాలవ దాకా నడిచిపోయి, రెబెక్కమ్మకి అప్పజెప్పి, మొగపాళెంలో మా మనిషుండాడు, వాళ్ళింటికి చేర్చమని చెప్పొచ్చినా. నేను పంపించిన పిల్లని నువ్వు వెనక్కి తెచ్చి నాకే అప్పజెప్తా ఉండావు! ‘మద్రాసుకే బావా!’ నాలుగు దినాల నడక దండగ చేసినావు గదయ్యా ఆ బిడ్డకి!”

“ఏమన్నావు?”

“నాలుగు దినాలు దండగన్నా.”

“అది గాదు. రెబెక్కమ్మతో ఏమన్నావు? మొగపాళెంలో ఎవురున్నారని?”

“మా మనిషన్నా.”

“మా మనిషన్నావా బావా?”

“ఇంకేమంటారు? మొగపాళెంలో నాకు మాత్రం ఎవురున్నారు, నువ్వు తప్ప?”

“గడప తొక్కొద్దన్నావు.”

“అన్నా. నా మనిషి గాదని అనలా. ఇంకోటి గూడా చెప్తా, ఇప్పుడే చెప్పేస్తా, మళ్ళీ అడగబాకు. ఆ బోటు ఎప్పుడు దించినా ఎడమకే లాగతా ఉండాది. రెండేళ్ళనించీ. ఎంత గట్టిగా పట్టుకున్నా ఎడమకే. మా పిల్లోళ్ళు నవ్వతా ఉండారు, ‘తాతా, నీ బోటు మొగపాళెం పోదామంటా ఉండాది’ అని. అంతకన్నా నేను చెప్పను.”

“నేనూ అడగను.”

“మరి తెలిసినాక గూడా అట్టా గమ్మున కూసున్నావేంది? నిన్నింత ఎర్రోణ్ణి చేస్తే కోపం రాలేదా?”

“పాపాయి మీసం లాగతా ఉండాది. ఇప్పుడు కోపమెట్టా వస్తుంది?”

“ఉండు మావా. నాకొక అనుమానం. నాయనా, ఇందాక పాప నడిచొస్తే మావ అరిచినాడు, నేను అరిచినా, మార్తా చప్పట్లు కొట్టింది. నువ్వొక్కడివే ‘అయ్యో, నడస్తా ఉండాదే’ అనలా. ‘ఆ అడుగు ఇటెయ్యి’ అన్నావు. అది నడుస్తుందని ముందే తెలిసినట్టు.”

“ఏడాది పిల్ల నడవదా మ్మా?”

“తాతా. డబ్బా.”

“ఇప్పుడొద్దు తల్లా. సంచిలోనే ఉండనీ.”

“ఏం డబ్బా నాయనా? దాని సంచిలో నీ డబ్బా ఏంది?”

“ఎండుచేపలు. రెబెక్కమ్మ ఇచ్చింది.”

“అదిగో, బయటికి తీసేసింది. ఎండుచేపలకి ఎర్రచీమలు పడతాయా? చూడు, వరస కట్టినాయి మూత చుట్టూ. ఇట్టా ఇయ్యి మార్తా. అబ్బ, ఎంత గట్టిగా బిగించినావే... మావా!”

“ఏందమ్మా?”

“అరిసెలు. నువ్వులద్దిన అరిసెలు. ఇవి అమ్మ చేతి అరిసెలు మావా.”

“అరిసెలా? అడుగులేసే పిల్లకి అమ్మమ్మింటి నించి రావాల్సిన అరిసెలా? మునెయ్యా, నీకెవురు చెప్పినారు ఈ పిల్ల నడస్తా ఉండాదని? అమ్మాయ్, ఫోన్లో నువ్వేమన్నా...”

“అమ్మతోడు, నేను చెప్పలా. పోయిన వారం అడుగులేసినప్పుడు, అమ్మ రాదులే అని ఏడ్చుకుంటా నేనే నాలుగు అరిసెలు చేసినా. మార్తా ఈడుండగానే పాపని వాటి మీద నడిపించినాం. మేం తినగా మిగిలినవి దారిలో తినమని మార్తాకే కట్టిచ్చినా. అంతే. ఎవురికీ చెప్పలా.”

“రెబెక్కమ్మ చెప్పుంటుంది.”

“రెబెక్కమ్మ ఇంటికి రాకముందే మీ చెల్లెలు చేసిన అరిసెలు బావా ఇవి. తొందరపెట్టబాకండి, చెప్తా. ఈ పిల్ల మా ఇంటికొచ్చిన దినం, మా ఇంటిది కామమ్మ అన్నం పెట్టింది. తిన్నాక పిల్ల పొట్లం ఇప్పి మా ఇద్దరికీ చెరొక అరిసె ఇచ్చింది. నేను నోట్లో పెట్టుకోబోతా ఉంటే కామమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఇదిగో, రుమాల్లో కట్టుకోని ఉండా, ఇంకా తినలా. చూడు గంగా. చూడు బావా. ఇదిగో, ఇంత మడమ అచ్చు. ఈ అచ్చు ఎవురిదో మాకు ఒకరు చెప్పాల్నా? దొరసాని ఉత్తరానికి పోవాలని ఆ దినమే తెలుసు నాకు. మద్రాసు అనేది నేను కట్టిన మాట. కామమ్మ బియ్యం నానబోసింది. అరిసెలైతే అయినాయి గానీ, ఏం మొహం పెట్టుకోని ఈడికొచ్చేది? దారిన పొయ్యే మనిషిని చేర్చేదానికి వచ్చినా అంటే ఎవురూ ఏమనరు. అయితే ఈ పిల్ల వెనక్కి నడవదాయె. భాషా రాదు. ఏం చెప్పాలో తెలీక ఆ అరిసె చూపించి, ఇటు దిక్కు చెయ్యి చూపించినా. ఆ అచ్చు మీద ఏలు పెట్టింది. నా మొహం చూసింది. ఏమీ అడగలా బావా. సంచి భుజానేసుకోని, వచ్చిన దారినే వెనక్కి తిరిగి, నా కన్నా ముందు నడిచింది.”